కాలం ఎవరి పక్షం?

ఓడినవాడు కోర్టులో ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడుస్తాడని మన సామెత. అమెరికాలో కార్మికసంఘాల ఎన్నికల చరిత్ర చూస్తే ఈ సామెతలో సగమే అక్కడ వర్తిస్తుందనిపిస్తుంది. అక్కడ గెలిచిన కార్మికుడు ఏడవవలసిందే. ఓడిన యజమానికి మాత్రం ఏడవవలసిన పని లేదు.

కార్మికుల తరపున మాట్లాడే సంఘమేదో తేల్చడానికి ఎన్నిక జరిపి, ఫలితాన్ని ధ్రువీకరించే అధికారాన్ని 1935 నాటి వాగ్నర్ చట్టం జాతీయ కార్మిక సంబంధాల బోర్డుకు ఇచ్చింది. అంతకు ముందటి యేడు చేసిన తీర్మానం క్రింద యజమానులు ఎన్నిక జరగకముందే కోర్టు కెక్కి దానిని ఆపించేవారు. ఆ అనుభవంతోనే శాసనకర్తలు ధ్రువీకరణపై నేరుగా అప్పీలు లేకుండా చేశారు. 1940లో సుప్రీంకోర్టు కూడా చట్టానికి అదే అర్థం చెప్పింది.

అయితే ముందు తలుపు మూసినా పెరటి తలుపు తెరిచే వుంది. గెలిచిన సంఘంతో మాట్లాడనని యజమాని భీష్మించుకుంటే, అది చట్టవిరుద్ధమని బోర్డు ఉత్తర్వు చేస్తుంది. ఆ ఉత్తర్వుపై అప్పీలుకు పోవచ్చు. అప్పుడు ఎన్నిక మంచిచెడ్డలు కూడా విచారణకు వస్తాయి. అంటే న్యాయస్థానం గడప తొక్కడానికి రాజమార్గం చట్టాన్ని ధిక్కరించడమే! ఎన్నికలో ఓడిన సంఘానికి ఈ మార్గం లేదు.

మరి కోర్టుల జోక్యమే వద్దందామా? తొందరపడకూడదు. బోర్డు కూడా రాజ్యయంత్రంలో భాగమే. అదీ తప్పు చేయగలదు. ఒక కర్మాగారంలో 233 మంది వృత్తినిపుణులతో మరి 9 మందిని కలిపి బోర్డు ఒకే విభాగం చేసింది. నిపుణుల వోటు తీసుకోకుండా అలా కలపరాదని చట్టం స్పష్టంగా చెబుతున్నది. 1958లో లీడమ్ వర్సెస్ కైన్ కేసులో సుప్రీంకోర్టు ఉద్యోగుల పక్షాన నిలిచింది. కనుక పునర్విచారణ శ్రామికులకూ అవసరమే. కాని 1964లో అదే కోర్టు ఆ మినహాయింపు చాలా ఇరుకైనదని స్పష్టం చేసింది.

అసలు ప్రశ్న వేరు: నిరీక్షణకు మూల్యం ఎవరు చెల్లించాలి? ఎక్స్-సెల్-ఓ కంపెనీలో సంఘం 1964లో గెలిచింది. సంప్రదింపులు జరగని కాలానికి కార్మికులకు నష్టపరిహారం ఇప్పించాలన్న వాదంపై బోర్డు తీర్పు 1970లో వచ్చింది. అటువంటి పరిహారం ఇప్పించే అధికారం తనకు లేదన్నది! ఇక 2022 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లోని ఒక అమెజాన్ గిడ్డంగిలో 2,654 మంది సంఘం కావాలన్నారు, 2,131 మంది వద్దన్నారు. ధ్రువీకరణ 2023 జనవరిలో వచ్చింది. కంపెనీ సంప్రదింపులకు నిరాకరిస్తున్నదని ఆ జులైలో బోర్డు పక్షాన అభియోగం దాఖలయింది.

వాది ప్రతివాదులకు కాలం సమానమేనని ధర్మశాస్త్రం అనుకుంటుంది. అది భ్రమ. యజమానికి ఆరేళ్ళంటే వకీలు ఫీజు. కార్మికుడికి ఆరేళ్ళంటే పెరగని కూలి, చెదిరిపోయిన సహచరులు, సంఘంపై సడలిన నమ్మకం. చివరికి తీర్పు అనుకూలంగా వచ్చినా, వోటు వేసినవారిలో ఎందరు అక్కడ మిగిలివుంటారు?

అప్పీలు హక్కును తీసివేయమని నేననను. వేచివుండాలని కోరుకున్నవాడే ఆ వేచివుండడానికి ఖరీదు చెల్లించాలంటాను. ఓడిపోతే ఆ యేళ్ళ లెక్క కట్టి ఇవ్వవలసివస్తుందని తెలిసిన యజమాని, తన వాదంలో నిజముంటేనే కోర్టు కెక్కుతాడు. అంతవరకు ఆలస్యం కూడా ఒక తీర్పే. అది విచారణకు ముందే వెలువడుతున్నది.