ఏలీయాకు దొరికిన ఆదరణ

వాక్య పఠనం: 1 రాజులు 19:1-21

కర్మెలు కొండమీద అంత గొప్ప విజయం చూసిన ప్రవక్త ఏలీయా, రాణి యెజెబెలు బెదిరింపు చెవిన పడగానే ప్రాణభయంతో పరుగెత్తాడు. బెయేర్షెబాలో తన దాసుణ్ణి వదిలేశాడు. ఒక్కడే అరణ్యంలో ఒక రోజంతా నడిచి, బదరీవృక్షం కింద కూలబడి, చావు కోసం దేవుణ్ణి వేడుకున్నాడు.

అలాంటి మనిషిని దేవుడు ఎలా ఆదరించాడో వరుసగా చూడండి. మొదట నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపి, నిప్పులమీద కాల్చిన రొట్టె, నీళ్లు చూపించాడు. ఏలీయా తిని మళ్లీ పడుకుంటే మందలించలేదు. ముందున్న దారి అతని శక్తికి మించినదని మరోసారి లేపి తినిపించాడు. 40 దినాలు నడిచి హోరేబు గుహకు చేరాకే, ఇక్కడ నీకేం పని అన్న ప్రశ్న వచ్చింది. ఏలీయా తన గోడంతా వెళ్లబోసుకున్నాడు. గాలి, భూకంపం, అగ్ని దాటిపోయాక మళ్లీ అదే ప్రశ్న. మళ్లీ అదే జవాబు. దేవుడు రెండుసార్లూ చివరిదాకా విన్నాడు. ఆ తర్వాతే పని అప్పగించాడు. నేనొక్కణ్ణే మిగిలానన్న అతని లెక్కను సరిదిద్దాడు: బయలుకు మోకాళ్లూననివాళ్లు ఇంకా 7,000 మంది ఉన్నారు. దాసుణ్ణి కూడా వదిలేసి వచ్చిన ఆ ఒంటరికి ఎలీషాను తోడుగా ఇచ్చాడు.

శరీరం, దుఃఖం, ఆలోచన, పని, తోడు. వీటిలో దేవుడు దేన్నీ విడిచిపెట్టలేదు, దేనికీ తొందరపడలేదు.

మనసు నలిగినవారికి సాయపడే కౌన్సెలర్లు ఇలాంటి జ్ఞానానికి రావడానికి చాలాకాలమే పట్టింది. గత శతాబ్దంలో ఒక్కో పద్ధతి ఒక్కో తలుపు తెరిచింది. ఫ్రాయిడ్ బాల్యంలోని గాయాలను తవ్వి చూశాడు. తీర్పు తీర్చకుండా మనసుపెట్టి వినడంలోనే స్వస్థత మొదలవుతుందని కార్ల్ రోజర్స్ నమ్మాడు. మనిషిని కుంగదీసే ఆలోచనలను పరీక్షించి చూడాలని 1960లలో ఆరన్ బెక్ నేర్పాడు. 1970లలో ఆర్నాల్డ్ లాజరస్ మనిషిని ఏడు వైపుల నుంచి చూడాలన్నాడు: ప్రవర్తన, భావోద్వేగాలు, శరీర అనుభూతులు, ఊహాచిత్రాలు, ఆలోచనలు, సంబంధాలు, శరీర ఆరోగ్యం.

ఇంటిగ్రేటివ్ కౌన్సెలింగ్ చేసేవారు వీటిలో ఒక్కదానికే కట్టుబడరు. అలాగని అన్నీ కలిపి అందరికీ పంచరు. ఎదుట కూర్చున్న ఈ మనిషికి, ఈ రోజున ఏది అవసరమో అతనితో మాట్లాడే తేల్చుకుంటారు. రాత్రుళ్లు నిద్రపట్టనివాడి విషయంలో ముందు నిద్ర గురించి అడుగుతారు, అవసరమైతే డాక్టరు దగ్గరికి పంపుతారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ముందు సలహాలు మాని వింటారు. తాను దేనికీ పనికిరానని నమ్మినవాడితో కలిసి ఆ నమ్మకం ఎంతవరకు నిజమో వెతుకుతారు. గదిలోంచి బయటికి రాలేనివాడికి చేయగలిగినంత చిన్న పని చూపిస్తారు. దారి కుదరకపోతే మార్చుకుంటారు.

మన సంఘాల్లో కుంగిపోయినవారికి తరచూ ఒకే మందు ఇస్తాం: ప్రార్థన చేసుకో, విశ్వాసం తగ్గిందేమో చూసుకో. ప్రార్థన కావాల్సిందే. అయితే ఆ చెట్టుకింద ఏలీయా చేసింది కూడా ప్రార్థనే. చావు కోరిన ఆ ప్రార్థనకు దేవుడు రొట్టెతో జవాబిచ్చాడు. అవిశ్వాసివని అనలేదు. కాబట్టి కౌన్సెలర్ దగ్గరికి వెళ్లడం, మందు వేసుకోవడం విశ్వాసానికి తక్కువ కాదు. తట్టి లేపిన ఆ చెయ్యి దేవుడు పంపిందే. ఈనాడు కూడా ఆయన మనుషుల చేతులతో తట్టి లేపుతున్నాడు.

నేటి అన్వయం: మీ ఇంట్లోనో సంఘంలోనో మౌనంగా నలిగిపోతున్న ఒకరిని ఈ రోజు పలకరించండి. వాక్యం చెప్పేముందు, అన్నం తిన్నావా, నిద్ర పడుతోందా అని అడగండి. చెప్పిందే మళ్లీ చెప్పినా వినండి. చనిపోవాలనిపిస్తోందని వారంటే ఒంటరిగా వదలకండి, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 నంబరుకు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. నలిగిపోతున్నది మీరే అయితే, ఆ ఫోన్ మీరే చేయండి.

ప్రార్థన: మమ్మును సృజించిన తండ్రీ, మా దేహాన్నీ మనసునూ ఆత్మనూ ఎరిగినవాడవు నీవే. అలసినవారికి ముందు అన్నం పెట్టే ఓర్పు, మాట్లాడేముందు వినే చెవి మాకు దయచేయి. బాధలో ఉన్నవారికి సరైన సహాయకులను చూపించు. కౌన్సెలర్లకూ డాక్టర్లకూ వివేచన అనుగ్రహించు. సాయం అడగడానికి సిగ్గుపడేవారికి ధైర్యమివ్వు. యేసు నామమున అడుగుతున్నాము తండ్రీ, ఆమేన్.