ఆరు తప్పుల కింద 'గుడ్'

పిల్లవాడి మేలు కోరి ఉపాధ్యాయుడు ఒక చిన్న అబద్ధం ఆడవచ్చునా? ఈ ప్రశ్న నాకు తోచింది కాదు. మా విచారణలో డి.ఎల్.ఎడ్. శిక్షణ పొందుతున్న ఒక అమ్మాయి అడిగినది. ఆదివారం దివ్యబలిపూజ ముగిశాక గుడి మెట్ల దగ్గర నన్ను ఆపి మరీ అడిగింది.

టీచింగ్ ప్రాక్టీసు కోసం ఆమెను ఒక ప్రాథమిక పాఠశాలకు పంపారు. మూడవ తరగతి. వెనుక వరుసలో కూర్చునే ఒక పిల్లవాడు పది తీసివేతలు చేస్తే నాలుగే ఒప్పు. అయినా ఈమె వాడి నోటు పుస్తకంలో ఎర్రసిరాతో 'గుడ్' అని రాసింది. పర్యవేక్షణకు వచ్చిన మాస్టారు అది చూసి, "ఆరు తప్పుల కింద గుడ్ ఏమిటమ్మా?" అన్నారు. "మెచ్చుకుంటే పిల్లలు బాగా నేర్చుకుంటారని సైకాలజీలో చెప్పారు గదండీ" అని ఈమె జవాబు. ఆయన మరేమీ అనకుండా పుస్తకం మూసి పక్కన పెట్టారట. "నేను చేసింది తప్పా అంకుల్?" అని అడిగితే, "తప్పేముందమ్మా" అనేశాను. ఇంటికి వచ్చి కూర్చున్నాక ఆ జవాబు నాకే రుచించలేదు.

ఆమె చెప్పినదానికి ఆధారం లేకపోలేదు. 1925లో ఎలిజబెత్ హర్లాక్ అనే అమెరికన్ పరిశోధకురాలు కొందరు పిల్లలకు వరుసగా కొన్ని రోజులు కూడికలు ఇచ్చింది. ఒక జట్టును అందరి ముందూ మెచ్చుకున్నారు. మరొక జట్టును మందలించారు. మూడవ జట్టును ఏమీ అనలేదు, వాళ్లు ఆ పొగడ్తలూ తిట్లూ వింటూ కూర్చున్నారు. మెచ్చుకున్నవారు రోజురోజుకూ ముందుకు సాగారు. తిట్లు తిన్నవారు మొదట కాస్త పుంజుకుని తరువాత జారిపోయారు. ఎవరూ పట్టించుకోని జట్టు తిట్లు తిన్న జట్టుకంటే కూడా వెనుకబడింది. నన్నడిగితే అందులో గుండెకు తగిలేది ఈ చివరి సంగతే. మన తరగతుల్లో వెనుక బెంచీలు చాలావరకు ఆ మూడవ జట్టే కదా!

ఇక రెండవ ప్రయోగం ఇంకా ప్రసిద్ధమైనది. రాబర్ట్ రోసెంథాల్, లెనోర్ జాకబ్సన్ అనే ఇద్దరు కాలిఫోర్నియాలోని ఒక ప్రాథమిక పాఠశాలలో పిల్లలకు పరీక్ష పెట్టారు. "ఫలానా పిల్లలు ఈ ఏడాది బాగా వికసిస్తారు" అని ఉపాధ్యాయులకు పేర్లు ఇచ్చారు. నిజానికి ఆ పేర్లు చీటీలు తీసినట్టుగా ఎంచినవి, అందరిలో ఐదవ వంతు. ఏడాది తిరిగేసరికి ఒకటి, రెండు తరగతుల్లో ఆ పిల్లలు మిగతావారికంటే ఎక్కువగా పుంజుకున్నారు. పై తరగతుల్లో అంత తేడా కనబడలేదు. 1968లో ఇది పుస్తకంగా వచ్చి గొప్ప సంచలనం కలిగించింది. లెక్కలు సరిగా లేవని విమర్శలూ అప్పుడే వచ్చాయి. తరువాతి దశాబ్దాల పరిశోధనలన్నీ కలిపి చూస్తే, గురువు అంచనా ప్రభావం ఉన్నమాట నిజమే కానీ అది సాధారణంగా స్వల్పం. సమాజం చిన్నచూపు చూసే వర్గాల పిల్లల విషయంలో మాత్రం అది బలంగా ఉండవచ్చునని 2005లో వెలువడిన ఒక సమీక్ష చెప్పింది. మన ఊళ్లలో ఆ పిల్లలెవరో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఈ ప్రయోగంలో నన్ను వెంటాడుతున్న సంగతి వేరు. అక్కడ అబద్ధమాడినది ఉపాధ్యాయులు కాదు, పరిశోధకులు. ఉపాధ్యాయులు అది విని నిజమేనని నమ్మారు. ఆ నమ్మకంతోనే పిల్లవాడి వైపు తిరిగారు. అంటే అక్కడ పని చేసింది పొగడ్త మాట కాదు, మాట వెనుకనున్న నమ్మకం. మరి మన అమ్మాయి 'గుడ్' అని రాసినప్పుడు నమ్మి రాసిందా? నమ్మలేదని ఆమే ఒప్పుకుంది. జాలితో రాసింది. ఎనిమిదేళ్ల పిల్లవాడికి ఆ తేడా తెలియదనుకోవడం పొరపాటు. పక్కవాడికి పదికి పది, తనకు నాలుగు, ఇద్దరి పుస్తకాల్లోనూ ఒకే మాట ఉంటే వాడు దాన్నిబట్టి ఏమి గ్రహిస్తాడు? తననుంచి టీచరమ్మ ఇంతకంటే ఆశించడం లేదని!

పొగడ్త మితిమీరితే మరొక ముప్పు కూడా ఉంది. 1998లో మ్యూలర్, డ్వెక్ అనే పరిశోధకులు ఐదవ తరగతి పిల్లల్లో కొందరిని "నువ్వు తెలివైనవాడివి" అనీ, కొందరిని "బాగా కష్టపడ్డావు" అనీ మెచ్చుకున్నారు. తరువాత కష్టమైన ప్రశ్నలు ఇచ్చి, ఎన్ని మార్కులు వచ్చాయో మరో బడిలోని పిల్లలకు రాసి పంపమన్నారు. తెలివైనవారనిపించుకున్న జట్టులో పదిమందికి దాదాపు నలుగురు తమ మార్కులు పెంచి రాశారు. రెండవ జట్టులో అలా చేసినవారు చాలా తక్కువ. 'తెలివైనవాడు' అనే పేరు నిలుపుకోవడానికి పసివాళ్లు అబద్ధానికి దిగారన్నమాట. మేలు కోరి ఆడినదైనా అబద్ధం అబద్ధమేనని పునీత అగుస్తీను వాదించాడు. చిన్నప్పుడు జ్ఞానోపదేశం తరగతిలో అది నాకు మరీ కఠినంగా తోచేది. ఇప్పుడు అంత కఠినంగా తోచడం లేదు.

అయితే ఉన్నదున్నట్టు 'నాలుగు మార్కులు' అని వేసి ఊరుకోవడమే సత్యమా? మాస్టారి పక్షం అది. అదీ పూర్తి సత్యం కాదంటాను. మరుసటి ఆదివారం ఆ అమ్మాయి నోటు పుస్తకం తెచ్చి చూపించింది. ఇద్దరం బల్లమీద పెట్టుకుని చూశాం. 52 లోనుంచి 27 తీస్తే వాడు 35 వేశాడు. 40 లోనుంచి 13 తీస్తే 33. తప్పయిన ఆరు లెక్కల్లోనూ ఇదే తీరు. పై అంకె చిన్నదైతే, కింద ఉన్న పెద్ద అంకెలోనుంచి దాన్ని తీసేస్తున్నాడు. ఒప్పయిన నాలుగింటిలో అప్పు తెచ్చుకోవలసిన అవసరమే లేదు. అంటే పిల్లవాడికి తీసివేత రానట్టు కాదు. వాడు తనదైన ఒక నియమం పెట్టుకుని, ఒక్కసారి కూడా తడబడకుండా పాటించాడు. ఆ నియమం తప్పు, అంతే. 'గుడ్' అన్న మాటా, 'నాలుగు' అన్న అంకే రెండూ ఈ సంగతిని కప్పేశాయి. వాడి తప్పులను ఎవరూ చదవలేదు!

టెట్ మొదటి పేపరులో శిశు వికాసం, బోధనా శాస్త్రానికి 30 మార్కులు. పావ్‌లోవ్ కుక్క, థార్న్‌డైక్ పిల్లి, స్కిన్నర్ ఎలుక, అన్నీ కంఠతా పట్టి మన పిల్లలు పాసవుతున్నారు. పోనివ్వండి, ఉద్యోగం రావాలి కదా. కానీ వైగోట్‌స్కీ చెప్పిన ఒక మాటను మాత్రం బిట్లకోసం కాక బడికోసం గుర్తుంచుకోమని ఆమెతో అన్నాను. పిల్లవాడు ఒంటరిగా చేయగలిగినదే కాదు, ఒకరు తోడుంటే చేయగలిగినది కూడా చూడాలంటాడాయన.

ఇంతవరకు ఉపాధ్యాయుల గొడవ. మరి మన ఇళ్లలోనో? ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెడుతూ, పిల్లవాడు పక్కనే నిలబడి వింటుండగా, "మావాడికి లెక్కలు ఎక్కవండీ, వాళ్ల నాన్న పోలిక" అని నవ్వుతూ చెప్పే తల్లులను నేను ఎరుగుదును. చెప్పిన తండ్రినీ నేనే. 2009 విద్యాహక్కు చట్టం బడిలో కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. ఇంట్లో భోజనాల దగ్గర మనం అనే మాటలకు ఏ సెక్షనూ వర్తించదు.

ఆ అమ్మాయి చీపురు పుల్లలు పదేసి చొప్పున రబ్బరు బ్యాండ్లు వేసి బడికి తీసుకుపోయింది. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు. అందులోనుంచి ఏడు విడి పుల్లలు ఇమ్మంటే వాడు కాసేపు కట్టలవంక చూసి, "ఒకటి విప్పనా టీచర్?" అన్నాడట. ఆ ఆరు లెక్కలూ మళ్లీ చేయించింది. నాలుగు ఒప్పయ్యాయి, సున్నా ఉన్న రెండూ మళ్లీ తప్పు. ఈసారి పుస్తకంలో ఆమె ఇలా రాసింది: "అప్పు తెచ్చుకోవడం వచ్చింది. సున్నా ఉన్నచోట రేపు చూద్దాం." వాడికి తెలుగు కూడబలుక్కుని చదవడమే వచ్చు. ఆ రెండు వాక్యాలూ వేలు పెట్టి చదువుకుని, "రేపు పుల్లలు మళ్లీ తెస్తారా?" అని అడిగాడట.