నెగడుకూ అంగాలుంటాయి

వంటకు కాదు, హోమానికి కాదు, ప్రాణం నిలుపుకోవడానికీ కాదు. చుట్టూ కూర్చుని చూసుకోవడానికి మాత్రమే అడవిలో నిప్పు రాజెయ్యొచ్చా? కారు వెనక గుడారం, దుప్పట్లు, మడత కుర్చీలు సర్దుతున్నప్పుడల్లా ఈ ప్రశ్న నన్ను పట్టుకుంటుంది. మేం ఉండేది కాలిఫోర్నియాలో, శాక్రమెంటో దగ్గర. తెలుగు కుటుంబాలు నాలుగైదు కలిసి వేసవి నుంచి శీతాకాలం దాకా సియెర్రా కొండల్లోకి వెళ్తుంటాం. వెంట తీసుకెళ్లే కుంపటి ఒకటి ఉమ్మడిగా కొందామని ఈ ఏడాది అందరూ అనుకున్నారు. ఏది కొనాలో తేల్చే పని నా మీద పడింది. ధరలూ బరువులూ చూడటం మొదలుపెట్టాక మా పెదతాతగారు గుర్తొచ్చారు.

ఆయన కోనసీమ అగ్రహారంలో ఆహితాగ్ని, అంటే మూడు అగ్నులను నిలుపుకున్నవారు. గార్హపత్యానికి గుండ్రటి గుండం, ఆహవనీయానికి నలుచదరం, దక్షిణాగ్నికి అర్ధచంద్రం. ఏ నిప్పుకు ఏ ఆకారమో, ఎక్కడ ఉండాలో, ఎవరు చూసుకోవాలో అన్నీ ముందే నిర్ణయమైపోయి ఉంటాయి. రెండు పూటలా అగ్నిహోత్రం. మరి అలాంటి మనిషి ఊరు దాటాల్సి వస్తే? మండుతున్న కుండను నెత్తిన పెట్టుకుని బయల్దేరడు. నిప్పు మథించే కట్టెలైన అరణులను ఆ మంటకు చూపి, అగ్నిని వాటిలోకి ఆవాహన చేసుకుంటాడు. చేరిన చోట వాటిని మథించి మళ్ళీ పుట్టిస్తాడు. దీన్ని సమారోపణ అంటారు. జమ్మిచెట్టును పట్టుకుని మొలిచిన రావి నుంచి తెచ్చిన కట్టెకు అరణిగా విలువ ఎక్కువ. దారి పొడవునా అగ్ని ఆ కట్టెలోనే ఉంటుంది, కానీ మండదు. అనువైన చోటు దొరికేదాకా ఆగుతుంది. ప్రయాణంలో నిప్పు గురించి మనవాళ్ళు చేసిన ఆలోచనల్లో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే.

మా సరదా మంటకు అంత పవిత్రత ఆపాదించను. అయితే దాన్ని ఏ లెక్కలో వెయ్యాలో మీమాంసకులు చెప్పారు. కర్మల్ని నిత్యం, నైమిత్తికం, కామ్యం అని వాళ్ళు విడదీశారు. నిత్యకర్మ మానకూడదు కాబట్టి దానికో సడలింపు ఉంది. అన్ని అంగాలూ, అంటే దానికి కావలసిన భాగాలన్నీ, సమకూరకపోతే శక్తి ఉన్నంత మేరకే చేసినా చెల్లుతుంది. కామ్యకర్మకు ఆ వెసులుబాటు లేదు. కోరి చేసేది కనుక అన్ని అంగాలతోనూ చెయ్యాలి. ఒక్కటి కుదరకపోయినా మొదలే పెట్టకూడదు. జైమిని సూత్రాల ఆరో అధ్యాయంలో ఈ చర్చ ఉంది. యజ్ఞాల కోసం చేసిన ఈ విభజన కొండమీది నెగడుకు ఇంత సూటిగా వర్తిస్తుందని నేననుకోలేదు. నెగడు వెయ్యమని మమ్మల్ని ఎవరూ ఆదేశించలేదు. వెయ్యకపోతే దోషం లేదు. వేస్తే మాత్రం పూర్తిగా వెయ్యాలి, పూర్తిగా ఆర్పాలి. 'ఈ ఒక్కసారికి సర్దుకుపోదాం' అనే మాట ఇక్కడ చెల్లదు.

ఎందుకు చెల్లదో మా కొండలకు తెలుసు. 2013 ఆగస్టులో స్టానిస్లాస్ జాతీయ అరణ్యంలో ఒక వేటగాడి మంట అదుపు తప్పిందని అటవీశాఖ తేల్చింది. దానికి రిమ్ ఫైర్ అని పేరు. రెండున్నర లక్షల ఎకరాలకు పైగా తినేసి యోసెమిటీ పార్కులోకి చొరబడింది. అంతకు పదేళ్ళ ముందు, 2003 అక్టోబరులో, శాన్ డియేగో కొండల్లో దారి తప్పిన వేటగాడొకడు తనను ఎవరైనా చూడాలని మంట వేశాడు. ఆ సీడర్ ఫైర్‌లో 15 మంది చనిపోయారు. అతనిది ఆపద, మాది ముచ్చట. ఆపదలో వేసిన మంటే అంత పని చేస్తే, ముచ్చటకు వేసే మంట ఎంత జాగ్రత్త అడుగుతుంది! ఖాండవదహనం చదివినవాళ్ళకు అగ్ని ఆకలి కొత్త కాదు. అన్ని జీవులున్న ఆ అడవిలోంచి బతికి బయటపడ్డవి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే.

కాబట్టి కుంపటి ఎంచుకోవడమంటే అంగాలు చూసుకోవడమే. మొదటిది హద్దు. ఆహవనీయానికి మూడు వైపులా పరిధులని మూడు కట్టెలు పెడతారు. తూర్పు దిక్కు కాపలా సూర్యుడిది. తైత్తిరీయ సంహితలో దీనికో కథ ఉంది. అగ్నికి ముగ్గురు అన్నలు, దేవతలకు హవిస్సు మోసి మోసి నశించారు. అది చూసి అగ్ని భయపడి నీళ్ళలో దాక్కున్నాడు. వెతికి తెచ్చిన తర్వాత ఆయన చుట్టూ ఆ పరిధులను నిలిపారు. నిప్పుకు మనం భయపడటం అందరికీ తెలుసు. నిప్పు కూడా భయపడుతుందనీ, గట్టు దానికీ రక్షేననీ చెప్పిన కథ ఇది. కాలిఫోర్నియాలో క్యాంప్‌ఫైర్ అనుమతి పత్రం ఉచితం. దాని షరతులు చదివితే నాకు పరిధులే కనిపిస్తాయి: చుట్టూ అయిదడుగుల మేర ఆకూ అలమూ ఊడ్చాలి, పార దగ్గరుండాలి, బాధ్యత గలవారు ఒకరు ఎప్పుడూ మంట దగ్గరే ఉండాలి.

రెండోది నేల. యూటాలో మోయబ్ చుట్టుపక్కల ఎడారి మట్టి మీద నాచూ సూక్ష్మజీవులూ కలిసి ఒక పొర కడతాయి. అది చెదిరితే మళ్ళీ ఏర్పడటానికి దశాబ్దాలు పడుతుంది. అందుకే అక్కడ చాలాచోట్ల మంట ఇనుప పళ్ళెంలోనే వెయ్యాలి, బూడిద మూటగట్టి తీసుకుపోవాలి. గ్రాండ్ కాన్యన్‌లో కొలరాడో నది మీద పడవల్లో వెళ్ళేవాళ్ళకూ ఇదే నియమం. నేలకు ఎత్తుగా నిలిపే కాళ్ళు లేని కుంపటిని నేను జాబితాలోంచి వెంటనే కొట్టేశాను.

ఇక కుంపట్ల రకాలకు వస్తే, పొగ రాదని చెప్పే స్టీలువి ముచ్చటగానే ఉంటాయి. రెండు గోడల మధ్య గాలి వేడెక్కి పైన రంధ్రాల్లోంచి వచ్చి, పొగనే మళ్ళీ మండిస్తుంది. అయితే వేడంతా నిట్టనిలువుగా పైకే పోతుంది, చుట్టూ కూర్చున్నవాళ్ళ కాళ్ళు చల్లగానే ఉంటాయి. కట్టె త్వరగా అయిపోతుంది. అన్నిటికన్నా పెద్ద చిక్కు మర్నాడు పొద్దున ఎదురవుతుంది. పైకి చల్లబడ్డట్టున్న బూడిద కింద నివురుగప్పిన నిప్పుంటే, దాన్ని గుడారం గుడ్డ పక్కన డిక్కీలో పెట్టబోతున్నామన్నమాట. నీళ్ళు పోసి, కలిపి, వేళ్ళ వెనుక వైపుతో తాకి చూడనిదే కారెక్కించకూడదు. ఇంటి దగ్గరి కట్టెలు మోసుకెళ్ళడమూ తప్పే. గోల్డ్‌స్పాటెడ్ ఓక్ బోరర్ అనే పురుగు దక్షిణ కాలిఫోర్నియా ఓక్ చెట్లను చంపుతూ కొత్త చోట్లకు పాకింది వంటచెరకులో దాక్కునే. తగలబెట్టే చోటనే కట్టె కొనాలి.

గ్యాస్ కుంపటి మాట ఎత్తగానే మా బృందంలోని గుంటూరు కుర్రాడు అడ్డం పడ్డాడు. "నాబ్ తిప్పితే వచ్చేది స్టవ్వు కదా అన్నయ్యా, నెగడెలా అవుతుంది?" వాడి బాధ నాకు అర్థమైంది. సమిధ వేస్తూ, ఎగదోస్తూ, కళ్ళు మంటమీదే పెట్టుకోవడంలో ఒక సేవ ఉంది. గ్యాసు ఆ సేవ అడగదు. కానీ అది అగ్ని కాదంటే ఒప్పుకోను. మనవాళ్ళు అగ్నిని పొయ్యిలో చూశారు, మెరుపులో చూశారు, సూర్యుడిలో, కడుపులో, చివరికి సముద్రగర్భంలో కూడా చూశారు. భూమి లోపలి వాయువులో మాత్రం లేడంటామా? "సరేరా, నీ సేవ నువ్వు చెయ్యి. సిలిండర్ నిలువుగా కట్టి, వాల్వు బిగించి తీసుకొచ్చే పని నీది," అన్నాను. ప్రొపేన్ గాలికన్నా బరువు, కారితే కారు అడుగున పేరుకుంటుంది. కాబట్టి ఆ పని చిన్నదేం కాదు. లెక్క కూడా చూసుకోవాలి. గంటకు 58,000 బీటీయూల కుంపటికి 20 పౌండ్ల సిలిండర్ ఏడు గంటల పైచిలుకు వస్తుంది. పచ్చరంగు చిన్న డబ్బా అరగంట కూడా రాదు. గుడారంలో, కారులో గ్యాస్ కుంపటిని వెలిగించడం ప్రాణాంతకం.

నా తీర్పు గ్యాసుకే. కామ్యకర్మలో అన్నిటికన్నా కష్టమైన అంగం ముగింపు. వాల్వు మూస్తే రవ్వ లేదు, బొగ్గు లేదు, అర్ధరాత్రి గాలి లేచి ఊదడానికి ఏమీ మిగలదు. ఎండకాలం కట్టె మంటల్ని నిషేధించినప్పుడు కూడా వాల్వున్న గ్యాస్ మంటను చాలాచోట్ల ఒప్పుకుంటారు. వానలు పడి అడవి తడిసిన తర్వాత, మా కుర్రాడి కోసం, కాళ్ళున్న ఇనుప పళ్ళెం, మూత ఉన్న బూడిద డబ్బా కూడా తీసుకుంటాం. మంటలు చెలరేగే వాతావరణమని చెప్పే రెడ్ ఫ్లాగ్ హెచ్చరిక ఉన్న రోజు రెండూ డిక్కీలోంచి దిగవు. సన్న్యాసి అగ్నిని వదిలేస్తాడు, అయినా అతనికి అడవిలో లోటేమీ ఉండదు. ఒక రాత్రికి మేమూ అలా ఉండగలం. ఆ రోజుల్లో అంబలి ఫ్లాస్కులో తెచ్చుకుంటాం.

మీరూ వెళ్తుంటే బయల్దేరే ముందు ఆ అడవి రేంజర్ కార్యాలయానికి ఒక్క ఫోను చెయ్యండి. కట్టె మంటకు అనుమతి ఉందా, గ్యాసుకు ఉందా, గాలి ఎలా ఉందో విడివిడిగా అడగండి. వాళ్ళు వద్దంటే కుంపటిని ఇంట్లోనే వదిలి వెళ్ళండి.