శిలాపంక్తి – పద్యపాదం: పాఠనిర్మాణంలో సంపాదకుని బాధ్యత

రచన నిర్మాణాన్నీ, అది కంటికి కనిపించే రూపాన్నీ వేరువేరుగా భద్రపరచాలన్నది డిజిటల్ పాఠసంపాదనలో మూలసూత్రం. శీర్షిక, పద్యం, పాదం, వచనం అనే విభాగాలను పాఠంలో గుర్తులతో సూచించి, అక్షరాల పరిమాణం, వరుసల అమరిక వంటివాటిని స్టైల్‌షీట్‌కు అప్పగిస్తారు. 1996లో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం ఆమోదించిన సి.ఎస్.ఎస్. ఇందుకు ప్రసిద్ధ సాధనం. అయితే ఏది నిర్మాణం, ఏది రూపం అని తేల్చవలసిందెవరు? ఆ నిర్ణయానికి నైతిక బాధ్యత ఎవరిది? అద్దంకి శాసనం ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

ప్రకాశం సీమలోని అద్దంకిలో లభించిన ఈ తొమ్మిదో శతాబ్దపు శాసనం గుణగ విజయాదిత్యుని సేనాని పండరంగని విజయాలను తరువోజలో కీర్తించి, ఆదిత్య భటారునికి జరిగిన భూదానాన్ని వచనంలో నమోదు చేస్తుంది. శాసనంలో పంక్తి విరిగేది రాతి వెడల్పును బట్టి. ఛందస్సును బట్టి కాదు. అయినా పద్యం మరుగున పడలేదు. మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం రెండుమార్లు ఆవర్తించడం, ఒకటి, మూడు, అయిదు, ఏడు గణాల మొదటి అక్షరాలకు యతిమైత్రి, ద్వితీయాక్షర ప్రాస పాదం ఎక్కడ ముగిసిందో చెవికి తెలుపుతాయి. తాళపత్రాల్లోనూ పద్యాలు సాధారణంగా పాదవిభజన లేకుండానే సాగుతాయి. నాలుగు పాదాలను నాలుగు వరుసలుగా చూడడం అచ్చుపుస్తకం స్థిరపరచిన అలవాటు.

అలాగని శిలాపంక్తిని కేవల బాహ్యరూపమని తోసిపుచ్చగలమా? ఛందోవేత్తకు అది అప్రధానం కావచ్చు. శాసన పరిష్కర్తకు మాత్రం అక్షరస్థానాన్ని నిర్దేశించేది, శిథిలభాగంలో ఎన్ని అక్షరాలు పోయి ఉంటాయో అంచనా కట్టడానికి ఆధారమయ్యేది ఆ పంక్తే. పాదం, పంక్తి ఒకదాన్నొకటి ఖండించుకుంటాయి కనుక రెండూ ఒకే శాఖాక్రమంలో పూర్తి విభాగాలుగా ఇమడవు. అందుచేత టి.ఇ.ఐ. పద్ధతిలో పాదాన్ని ఆద్యంతాలున్న విభాగంగానూ, పంక్తిని విరుపును తెలిపే బిందువుగానూ గుర్తిస్తారు. ఇది సాంకేతిక ఏర్పాటుగా కనిపించినా, ఏది ప్రధానమన్న సాహిత్య నిర్ణయం ఇందులో ఉంది.

ఈ నిర్ణయపు గురుత్వం పూరణల విషయంలో స్పష్టమవుతుంది. శాసనాల్లో చెరిగిన అక్షరాలను పరిష్కర్త ఊహించి కుండలీకరణాల్లో చూపుతాడు. ఆ కుండలీకరణాలను ముద్రణాలంకారంగా భావించి తొలగిస్తే, పరిష్కర్త ఊహ శాసనకవి మాటగా చలామణి అవుతుంది. దానిపై భాషాచరిత్రకారుడు సిద్ధాంతమే నిర్మించవచ్చు. పూరణ అన్న గుర్తు పాఠంలోనే ఉంటే ఈ ప్రమాదం తగ్గుతుంది. అయినా ఆ గుర్తును తెరపై కనబడకుండా చేసే శక్తి స్టైల్‌షీట్‌కు ఉంది. కాబట్టి రూపకల్పన కూడా బాధ్యతకు అతీతం కాదు.

ఒకే పాఠాన్ని శాసనపరిశోధకునికి శిలాపంక్తులుగా, విద్యార్థికి పద్యపాదాలుగా చూపగలగడం ఈ విభజన వల్ల కలిగే మేలు. ఆ మేలు న్యాయసమ్మతం కావాలంటే రాయి ఇచ్చినదేది, ఛందస్సు తేల్చినదేది, తాను చేర్చినదేది అన్నది సంపాదకుడు విడివిడిగా ప్రకటించాలి. పాఠకునికి ఆ నిర్ణయాలను తిరిగి పరీక్షించే అవకాశం మిగల్చడమే పాఠసంపాదనలో సత్యనిష్ఠ.