ఏ ఆప్షన్ నిలుస్తుంది?

రీజనింగ్ ప్రశ్నలో సరైన జవాబు అంటే లోకంలో నిజమైనది కాదు, ఇచ్చిన వాక్యాల నుంచి తప్పనిసరిగా తేలేది. తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్‌లో 150 ప్రశ్నలకు 150 నిమిషాలే. ఆ తొందరలో ఈ తేడా ఇట్టే మరుగున పడిపోతుంది.

ఒక ప్రశ్న చూడండి. 'సంతోష్‌నగర్ మీదుగా వెళ్లే బస్సులన్నీ కిక్కిరిసి ఉన్నాయి. కిక్కిరిసిన బస్సుల్లో కొన్ని ఆలస్యంగా వచ్చాయి.' దీని కింద 'సంతోష్‌నగర్ బస్సుల్లో కొన్ని ఆలస్యమయ్యాయి' అనే ఆప్షన్ ఉంటే, రోజూ ఆ స్టాపులో ఎదురుచూసే అభ్యర్థి చెయ్యి దానిమీదికే పోతుంది. అనుభవం అవునంటుంది, వాక్యాలు మాత్రం అనవు. ఆలస్యమైనవన్నీ సంతోష్‌నగర్ మీదుగా వెళ్లని ఉప్పల్ బస్సులే కావచ్చు. 'కిక్కిరిసిన బస్సుల్లో కొన్ని సంతోష్‌నగర్ మీదుగా వెళ్లేవే' అన్నది మాత్రం తిరుగులేనిది. చూడటానికి చప్పగా ఉంటుంది, అందుకే చాలామంది దాన్ని దాటేస్తారు.

'అన్నీ', 'కొన్ని', 'మాత్రమే' అనే మాటల దగ్గర ఆగి చదవాలి. ఆప్షన్ అబద్ధమైన ఒక్క సందర్భం ఊహకు అందినా దాన్ని కొట్టేయవచ్చు.

సివిల్స్ సీశాట్‌లో తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కుల్లో మూడో వంతు పోతుంది. నాలుగింటిలో గుడ్డిగా ఒకటి గుర్తిస్తే సగటున వచ్చేదీ లేదు, పోయేదీ లేదు. రెండింటిని ఇలా గట్టిగా కొట్టేయగలిగితే మొగ్గు అభ్యర్థి వైపే ఉంటుంది.