చెక్కిన గీత, చూసిన గీత

వెయ్యేళ్ళ కిందట స్వీడన్‌లో ఒక కొడుకు తండ్రి జ్ఞాపకార్థం నిలిపిన రాయి ఇవాళ పరిశోధకుల జాబితాలో ఎలా కనిపిస్తుంది? ముందు ఆ రాయి దొరికిన సీమను సూచించే అక్షరం, పక్కన ఒక అంకె ఉంటాయి. ఆ తరువాత శాసనపాఠం మూడు అంచెల్లో వస్తుంది. మొదటిది రాతి మీద కంటికి కనిపించిన రూన్ అక్షరాలకు లిప్యంతరం. రెండోది అవి ఆనాటి భాషలో ఏ మాటలై ఉంటాయో నిర్ణయించి రాసిన రూపం. మూడోది అనువాదం. ఉప్సాలా విశ్వవిద్యాలయంలో 1986లో మొదలైన భాండాగారంలో ఆరువేలకు పైగా రూన్ శాసనాలు ఇలాగే నమోదై ఉన్నాయి.

ఈ అంచెలను విడివిడిగా ఎందుకు ఉంచాలి? వైకింగుల కాలపు రూన్ లిపిలో ఉన్నవి పదహారు అక్షరాలే. క, గ ధ్వనులకు ఒకే గుర్తు. త, ద ధ్వనులకూ అంతే. కాబట్టి ఒక పేరును ఎలా పలకాలో రాయి పూర్తిగా చెప్పదు, చదివేవాడే తేల్చుకోవాలి. ఆ నిర్ణయం తప్పయితే తరువాత వచ్చినవాడు దాన్ని పక్కన పెట్టి మళ్ళీ రాతి దగ్గరికి వెళ్ళగలగాలి. అందుకే అరిగిపోయిన అక్షరాన్ని ఒక రకం కుండలీకరణాల్లో, ఇప్పుడు లేకపోయినా పాత చిత్రాల వల్ల తెలిసిన అక్షరాన్ని మరో రకం కుండలీకరణాల్లో పెడతారు. రాయే కనబడకుండా పోతే దాని అంకె పక్కన శిలువ గుర్తు వేస్తారు. అంకెను మాత్రం తీసేయరు. చూసినదాన్నీ ఊహించినదాన్నీ వేరు చేసి చెప్పడం ఇక్కడ పనిలోని నేర్పు మాత్రమేనా, లేక మనస్సాక్షికి సంబంధించిన విషయమా?

రూనామో ఉదంతాన్ని చూద్దాం. దక్షిణ స్వీడన్‌లోని బ్లేకింగెలో ఒక బండ మీద వింత గీతలున్నాయి. రాజు పంపిన మనుషులు కూడా వాటిని చదవలేకపోయారని 1200 ప్రాంతంలో సాక్సో అనే చరిత్రకారుడు రాశాడు. 1834లో ఫిన్నూర్ మాగ్నుస్సన్ అనే ఐస్లాండ్ పండితుడు ఆ గీతల చిత్రాన్ని కుడి నుంచి ఎడమకు చదివి చూశాడు. ప్రాచీన యుద్ధాన్ని గురించిన పద్యం ఆయనకు కనిపించింది. 1841లో దానిమీద పెద్ద గ్రంథమే వెలువరించాడు. మూడేళ్ళకు వోర్సో అనే యువ పురావస్తు పరిశోధకుడు బండ దగ్గరికే వెళ్ళి పరిశీలించి, అవి సహజంగా ఏర్పడిన పగుళ్ళని తేల్చాడు.

ఫిన్నూర్ మోసగాడు కాడు. భాష తెలిసినవాడు, పాత కథలన్నీ క్షుణ్ణంగా చదివినవాడు. ఆ చదువే ఆయనకు పగుళ్ళలో పద్యాన్ని చూపింది. అంటే నిజాయితీగా నమ్మినంత మాత్రాన నమ్మింది నిజమవదు. అలాగని ముందస్తు జ్ఞానమే ప్రమాదమని అందామా? అదీ నిలబడదు. ఫలానావాడు తన తండ్రి స్మృతిలో ఈ రాయి నిలిపాడు అనే వరస ముందే తెలిసినవాడే సగం చెరిగిన శాసనాన్ని చదవగలడు. ఏమీ ఎదురుచూడని కంటికి అక్షరాలు కూడా గీతలుగానే మిగిలిపోతాయి. మరి మనల్ని ఆదుకునేదీ తప్పుదారి పట్టించేదీ ఒకే జ్ఞానమైతే, రెండింటినీ వేరుచేసేదేమిటి? ఇంకొకరు వచ్చి సరిచూసుకునే వీలు ఉండటమే అని నాకు తోస్తుంది. ఫిన్నూర్ తన పాఠాన్ని అచ్చువేసి అందరి ముందూ పెట్టాడు. అది ఆయన చేసిన మేలు. దానివల్లే వోర్సో పని సాధ్యమైంది.

ఇక రోక్ శాసనం ఇందుకు పూర్తిగా భిన్నమైనది. సుమారు 800 నాటి ఈ రాయి మీద ఏడువందలకు పైగా అక్షరాలున్నాయి, వాటిలో చాలావరకు స్పష్టంగా చదవవచ్చు. వారిన్ అనే తండ్రి చనిపోయిన కొడుకు వామోద్ కోసం రాశాడన్నంత వరకు వివాదం లేదు. ఆ తరువాతి వాక్యాల్లో గోతుల రాజు తియొడోరిక్ ప్రస్తావన ఉందని కొందరన్నారు. ఎండ కరువై చలి ముంచుకొస్తుందన్న భయం ఉందని 2020లో మరికొందరన్నారు. పిల్లవాణ్ణి పోగొట్టుకున్న మనిషి ఇన్ని మాటలు చెక్కి ఏం చెప్పుకున్నాడో తెలుసుకోవాలన్న ఆరాటంలో తప్పేమీ లేదు, నాకూ ఉంది. కానీ కాదనడానికి ఆయన రాలేడు. అలాంటివాడి నోట మనకు నచ్చిన అర్థాన్ని పెట్టేముందు, మనలో ప్రతి ఒక్కరూ ఎంతటి రుజువు కావాలని అడుగుతాం?