పరుల కోర్కెను త్యజింపవచ్చునా?

త్యాగము గొప్పదని వినని వారు మనలో లేరు. కాని త్యజింపబడునది ఎవరిది, త్యజించువాడెవడు అను ప్రశ్నను మనము తఱచుగా వేసికొనము. ఈ ప్రశ్న అరణ్యములందుకంటె అంగడి వీథులందే స్పష్టముగా ఎదురగును.

అండమాను దీవులలోని లంబాలైనులో కాపురముండు ఒక తెలుగు దంపతులను ఊహింతము. 2024వ సంవత్సరమున శ్రీవిజయపురమని పేరు మార్చబడిన పోర్టుబ్లెయిరు పట్టణమున, విమానాశ్రయమునకు చేరువగా నున్న పేట అది. పుష్యమాసము. అచ్చట శీతకాలము పేరునకే. వానలు వెనుదీసి, సముద్రము నెమ్మదించి, ఎండ హాయిగా నుండు దినములవి. సంక్రాంతికి కావలసినవి కొనుటకై ఆ యిరువురును బస్సెక్కి అబర్డీను బజారునకు పోయిరనుకొందము. గడియార స్తంభము చుట్టును అంగళ్ళు. అందలి సరకులలో పెక్కులు చెన్నై, కలకత్తా, విశాఖపట్టణముల నుండి సముద్రము దాటి రావలసినవే. ఓడ ఆలస్యమైనచో అంగడి బోసిపోవును. వచ్చినచో, మఱల ఎప్పుడు దొరకునో యను తలంపుతో అక్కరలేనిదియు అక్కరయైనట్లు తోచును.

ఇల్లాలు ఒక దుకాణమున నేతచీర నొకదానిని చేతబట్టి చూచెను. భర్త, "ఉన్నవి చాలవా? కోర్కెలు పెంచుకొన్నకొలది పెరుగును. ఊళ్ళో అమ్మకు డబ్బు పంపవలెను గదా!" అనెను. ఆమె మాఱు పలుకక చీరను మడిచి యిచ్చివేసెను. కొంతదూరము పోయిన పిమ్మట ఆయన సెల్‌ఫోనుల అంగడిలో దూఱి, బేరమాడి, క్రొత్తదాని నొకటి కొనెను. "పాతది సరిగా పనిచేయుట లేదు. ఇది అవసరము" అనెను.

ఆ దీవులు మన దేశపు గడియారమునకు ఆధారమైన రేఖకు సుమారు పది డిగ్రీలు తూర్పున నున్నవి. కావున ఈ కాలమున ఐదు, ఐదున్నరకే ప్రొద్దు క్రుంకును. చీకటి పడుచుండగా, బస్సు కొఱకు వేచియున్న వేళ ఆమె మెల్లగా నిట్లనెను: "ఏమండీ, అత్తగారికి డబ్బు పంపవలెనని ఇంటివద్దనే చెప్పియున్నచో చీర నేనే మానుకొనియుందును. అప్పుడది నేనిచ్చినదై యుండెడిది. ఇప్పుడు మీరు తీసికొన్నదైనది."

ఈ మాటలో ధర్మసూక్ష్మ మున్నది. భర్త చెప్పిన నీతి అసత్యము కాదు. తల్లిని పోషించుట కర్తవ్యమే. కాని ఆ నీతిని ఆయన భార్య కోర్కెపై ప్రయోగించెను; తన కోర్కెకు అవసరమని పేరు పెట్టెను. మన మందఱమును చేయునది ఇదియే. మనకు కావలసినది అవసరము. పరులకు కావలసినది వ్యామోహము. ఈ రెండు త్రాసులును ఒకే చేత నుండుటచే తప్పు మన కంటబడదు.

బృహదారణ్యకోపనిషత్తులోని యాజ్ఞవల్క్యుని వృత్తాంత మిచ్చట స్మరింపదగినది. ఆయన గృహమును విడువ నెంచినపుడు తన సంపదను మైత్రేయికిని కాత్యాయనికిని పంచి యిచ్చెదననెను. తాను విరక్తుడయ్యెను గావున భార్యలును విరక్తలు కావలెనని ఆయన శాసింపలేదు. ధనపూర్ణమైన భూమి యంతయు లభించినను దాన అమృతత్వము సిద్ధించునా యని మైత్రేయి అడుగగా, సిద్ధింపదని ఉన్నదున్నట్లు చెప్పెను. ధనమును కాదన్నది ఆమె. కాత్యాయని లౌకికప్రజ్ఞ గలదని ఉపనిషత్తు పలికినదే గాని ఆమె వాటాను తప్పుపట్టలేదు. ఒకే యింట ముగ్గురు మూడు స్థితులలో నుండిరి. ఒకరి వైరాగ్యము మఱియొకరిపై బరువు కాలేదు.

గృహస్థునకు అర్థకామములు నిషిద్ధములు కావు. ధర్మమునకు లోబడి యుండవలెనని మాత్రమే నియమము. గృహమందలి స్త్రీలను వస్త్రభూషణాదులతో సత్కరింపవలెనని మనుస్మృతి తృతీయాధ్యాయమే విధించుచున్నది.

అట్లయిన, అప్పులపాలగుచున్న యింటిలో ఎవరును ఎవరిని వారింపరాదా యని శంక కలుగవచ్చును. తప్పక వారింపవచ్చును. ఉమ్మడి ధనమును కాపాడుట విధి. కాని అది పొదుపు. దానిని త్యాగమని పిలిచి పుణ్యము లెక్కించుకొనరాదు. వారించువాడు ముందుగా కష్టసుఖములను దాపఱికము లేక చెప్పవలెను. పిదప తన కోర్కెను మొదట తగ్గించుకొనవలెను. ఇవి రెండును చేసినచో వారింపవలసిన అవసరమే తఱచుగా నుండదు. ప్రేమ గలచోట, తెలిసినవారు తామే ఇత్తురు.

ఆ దంపతులు మఱల పోయి చీర కొనిరా, మానిరా యనునది ముఖ్యము కాదు. ఆ బస్సులో ఆ భర్త, సంచిలోని క్రొత్త ఫోనును చేతితో తడవి చూచుకొని సిగ్గుపడినచో, ఆనాటి బజారులో కొన్నవానిలో విలువగలది అదియే. మనమును ఈ పండుగకు అంగడికి పోవునపుడు, ఇంటివారి జాబితాలో కొట్టివేయవలసినది వెదకుటకు ముందు, మన జాబితాలో ఒక్క పంక్తిని మన చేతితోనే కొట్టివేయుదము గాక!